గంటకు ఆగిన మాట

మార్చి 3, సోమవారం

సినిమా అయిపోయింది. ఇంక దాని మీద నేను చెయ్యి వేయను, కత్తెరను వేయనివ్వను. మా ఎడిటర్‌కి ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు వాళ్లావిడ కూడా "మా కత్తెర బయల్దేరారా అండీ?" అని నాకే ఫోన్ చేస్తోంది.

పొద్దున్నే పత్రిక నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఇరవయ్యో తారీఖు నుంచి పెద్ద హాల్లో వారం పాటు నా సినిమాలన్నీ వేస్తున్నారు కదా, దానికోసం ఇంటర్వ్యూ. కుర్చీలో కూర్చుంటూనే "మీ కెరీర్ ఎలా మొదలైంది మేడమ్?" అంది. కెరీరట! నేను చేసేది కెరీరని నాకు మొన్నమొన్నటిదాకా తెలీదు. అక్క తెలీనిచ్చిందెక్కడ? "ఉద్యోగం సద్యోగం లేకుండా కెమెరా భుజానేసుకుని ఊరేగుతోంది" అని చెప్పుకుని తిరిగేది.

ఉన్నదున్నట్టు చెప్పాను. పెళ్లి వీడియోలు తీసేదాన్ని. ఒకరోజు పెళ్లికి వెళ్తుంటే దారిలో వీధి వీధంతా కూల్చేస్తున్నారు. పిల్లలు పుస్తకాల సంచులతో సహా రోడ్డు మీద పడ్డారు. బండి ఆపి తీశాను. క్యాసెట్ అయిపోయేదాకా తీస్తూనే ఉన్నాను. ఆ క్యాసెట్ కోర్టుదాకా వెళ్లింది, ఆ వీధివాళ్లకి మళ్లీ ఇళ్లొచ్చాయి. పెళ్లివాళ్లకి మాత్రం వీడియో లేదు. ఆ పెళ్లికూతురికి ఈపాటికి మనవలు పుట్టి ఉంటారు, ఎదురుపడితే ఇప్పటికీ మొహం తిప్పేసుకుంటుంది.

ఆ తర్వాతవన్నీ ఆ అమ్మాయే చదివి వినిపించింది. క్వారీ పిల్లల మీద తీసింది, అనాథ హాస్టల్ మీద తీసింది, బయటికి రానివ్వకుండా ఆపేసినవి, నేను రాసిన పుస్తకాలు. వింటుంటే ఎవరో గొప్పావిడ గురించి చెబుతున్నట్టుంది. కాస్త సిగ్గుపడదామనుకున్నాను కానీ రాలేదు. బాగానే చేశాను కదా, ఎందుకు సిగ్గు?

"మీకంటూ ఒక నియమం ఏదైనా ఉందా మేడమ్?" అని అడిగింది. ఉంది. మొదటి ఆట. నా సినిమాలో ఎవరు మాట్లాడారో వాళ్లే దాన్ని లోకం కంటే ముందు చూడాలి. చూసి వద్దంటే ఆ ముక్క తీసేస్తాను, మారు మాట్లాడను. ఇన్నేళ్లలో ఒక్కరూ వద్దనలేదు. అది కూడా చెప్పాను, కాస్త గొంతు పెంచే చెప్పాను.

అక్క కాఫీ తెచ్చిపెట్టి, "మా చెల్లి సినిమాల్లో ఒక్క పాటైనా ఉండదమ్మా, అదీ రాసుకో" అంది. ఆ పిల్ల నిజంగానే రాసుకుంది.

మార్చి 4

కొత్త పుస్తకం ప్రూఫులొచ్చాయి. నా పని గురించి నేను రాసుకున్న పుస్తకం. చివరి అధ్యాయమంతా ఈ సినిమాదే. పాతికేళ్లు కూడా నిండని కుర్రవాడు, జైల్లో జ్వరమొస్తే పెద్దాసుపత్రికి తీసుకెళ్లామనీ అక్కడ జ్వరం మందులకి లొంగక చనిపోయాడనీ సర్కారు మాట. నమ్మని తండ్రి కోర్టుకెక్కాడు. ఇరవై నాలుగున విచారణ. మొహం చూపించకుండా మాట్లాడిన సాక్షి ఒక్కతే.

ఆవిడ గురించి నేను రాసిన పేరా మళ్లీ చదువుకున్నాను. "'దుప్పటి కప్పారు' అంటుందావిడ. ఆగిపోతుంది. ఎక్కడో దూరంగా గంట మోగుతుంది. ఆ మోత పూర్తిగా అణిగాక, 'మొహం మీద కూడా' అంటుంది. నా కెమెరా ఎదుట ఇంత బరువైన మౌనం ఇంకెప్పుడూ కూర్చోలేదు." చదివితే నాకే కళ్లు చెమర్చాయి. బాగా రాశాను.

ఆ సాక్షికి, అంటే టీచరమ్మకి, ఇంకా మొదటి ఆట వేయలేదు. వేయాలి. కానీ ఎలా? ఆవిడ జైల్లో ఆడ ఖైదీలకి కుట్టు నేర్పే మనిషి. ఉండేది జైలు వెనక క్వార్టర్సులో. ఆవిడ కిటికీ నేరుగా వెనక గేటు మీదికి. ఆ రోజు కుర్రవాడిని మోసుకొచ్చి బండెక్కిస్తుంటే చూసింది ఆ కిటికీలోంచే. జైలు గేటు దగ్గరే మొహం మీదికి దుప్పటి లాగేశారంటే, ఆసుపత్రిదంతా కట్టుకథే. ఆవిడ చూసిందని వాళ్లెవరికీ తెలీదు. అప్పుడంటే ఆవిడ ఇంట్లోనే గుట్టుగా తీశాను. ఇప్పుడు విచారణ దగ్గరపడింది, నేను వెళ్తే పదిమంది చూస్తారు, ఆవిడ వస్తే ఇంకో పదిమంది. సినిమాలో మొహం లేదు. గొంతు కత్తెర మార్చేశాడు, కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఎక్కణ్ణుంచి చూసిందో ఎక్కడా అనలేదు. చూసినవాళ్లు పెద్దాసుపత్రిలో ఆయానో, ఊడ్చేమనిషో అనుకుంటారు, అక్కడ అలాంటివాళ్లు కొల్లలు. అంచేత చూపించకపోవడమే ఆవిడకి క్షేమం. నియమం మనుషుల కోసం కానీ మనుషులు నియమం కోసమా?

ఈ వాక్యం బాగుంది. పుస్తకంలో వేయొచ్చు.

మార్చి 5

అక్క అడిగింది, "ఆ కుట్టు టీచరమ్మ చూసిందా?" అని. చూస్తుందిలే అన్నాను.

మార్చి 6

సినిమా అయిపోయింది. పదిహేనులోగా హాలువాళ్లకి కాపీ ఇచ్చేయాలి. పోస్టర్ కూడా వచ్చింది. నా పేరు సినిమా పేరు కంటే పెద్దదిగా వేశారు. వద్దందామనుకుని మర్చిపోయాను.

మార్చి 8, శనివారం

పెద్దాయనకి మొదటి ఆట వేశాను. పోయిన కుర్రవాడి తండ్రి. బస్సు నడిపి నడిపి ఆ మధ్యే దిగిపోయిన మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏదో పరీక్షకొచ్చినట్టు నిటారుగా కూర్చున్నాడు. కొడుకు ఫొటో వచ్చినప్పుడు కదలలేదు. తను మాట్లాడిన చోట కాస్త ఇబ్బందిగా నవ్వి "ఇంత ముసలాడినయ్యానా?" అన్నాడు. టీచరమ్మ నల్లటి నీడలా తెర మీదికి రాగానే ముందుకు వంగాడు. ఆవిడ ఆగింది. గంట మోగింది. చెయ్యెత్తి, "ఆపండమ్మా. మళ్లీ వేయండి" అన్నాడు.

మళ్లీ వేశాను. ఈసారి కళ్లు మూసుకుని విన్నాడు. నేను ఆయన చేతి మీద చెయ్యి వేసి "ఆ మౌనం చూస్తే నాకూ అలాగే అవుతుందండీ" అన్నాను.

"మౌనం కాదమ్మా" అన్నాడు. "ఈ అమ్మ అక్కడి మనిషే."

"ఎక్కడి మనిషి?"

"జైలు దగ్గరి మనిషి. గంట కొట్టగానే మాట ఆపేసింది చూడండి. ములాఖత్ గంటమ్మా అది, ఖైదీల్ని చూడనిచ్చే వేళకి కొడతారు. గంట అయ్యాక లోపల్నుంచి పేర్లు పిలుస్తారు. మైకులో సగం వినబడదు. మనవాడి పేరు పిలిస్తే ఎక్కడ వినబడకుండా పోతుందోనని గేటు ముందున్నవాళ్లం అందరం నోళ్లు మూసుకునేవాళ్లం. చంటిపిల్లలు కూడా ఏడుపాపేస్తారు అక్కడ. ఆ చుట్టుపక్కల బతికేవాళ్లకి అదే అలవాటైపోతుంది. ఊళ్లో ఇంకెవరాగుతారమ్మా గంటకి?"

ఆయన నా మొహమే చూస్తూ, "అయితే ఆ వెనక ఇళ్లలో ఉంటుందా ఈ అమ్మ?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే జవాబైపోయింది.

సాయంత్రం

నా మొహం మండా! గంట కోసం ఆగిన మనిషిని చూసి దుఃఖం అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా, దాని మీద అధ్యాయం రాశాను. జైలు వెనక్కి వెళ్లి తీసింది నేను, జైలు గంటని జైలు గంట అని తెలిసినదాన్నీ నేనే. ఒక గంటలో ఏముంది, స్కూళ్లకీ ఆఫీసులకీ గంటలుండవా అనుకున్నాను. ఆగడం గురించి ఆలోచించనేలేదు.

కత్తెర మీద విరుచుకుపడ్డాను. గంట ఎందుకుంచావన్నాను.

"మీరే ఉంచమన్నారు మేడమ్. తగ్గిస్తానంటే 'గంట లేకపోతే ప్రాణం పోతుంది' అన్నారు."

"నేనంటే నీ బుద్ధేమైంది?"

"మీతో చేరిన రోజే ఇంట్లో వదిలేసి రమ్మన్నారుగా."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. గంట తీసెయ్యమన్నాను. తీశాడు. ఇంకా అలాగే ఉంది. గంట లేకపోయినా ఆగడం ఉందిగా, తెలిసినవాడికి అదే చాలు. ఆ ఆగడం కూడా తీసి రెండు ముక్కలూ దగ్గరికి జరపమన్నాను. జరిపి వినిపించాడు. "దుప్పటి కప్పారు మొహం మీద కూడా."

"సరుకుల చీటీ చదివినట్టుంది" అన్నాడు కత్తెర.

ఉంటే ఉండనీ. ఇప్పుడు ఆవిణ్ణి ఎవరూ పోల్చుకోలేరు. సినిమా అయిపోయింది.

మార్చి 10

టీచరమ్మ ఫోన్ చేసింది. ఎవరి ఫోన్నుంచో. "ఆ అబ్బాయి తండ్రి వచ్చాడు మేడమ్. వెనక రోడ్డు మీద నిలబడి మా ఇళ్లకేసి చూస్తున్నాడు. నా గురించి మీరు చెప్పారా?"

లేదన్నాను. నిజమే, నేను చెప్పలేదు.

"మరెలా తెలిసింది?" అంది. నేను చెప్పేలోపు పెట్టేసింది.

మార్చి 11

పెద్దాయన ఇంటికి వెళ్లి కడిగేద్దామనుకున్నాను. మీరు చేసిన పనికి ఆవిడ ఉద్యోగం పోతుంది, ఇంకా ఏమైనా పోతుంది, మీ కేసు కూడా పోతుంది అని వరసగా అనుకుంటూ వెళ్లాను. అన్నీ అన్నాను కూడా.

ఆయన తల వంచుకుని విన్నాడు. అంతా అయ్యాక, "నేనేమీ అడగలేదమ్మా. అందులో ఏ ఇల్లో కూడా నాకు తెలీదు. అన్నిళ్లకీ కలిపి ఒక్క దణ్ణం పెట్టి వచ్చేశాను" అన్నాడు.

"ఎందుకండీ?"

"మావాణ్ణి ఆఖర్న చూసిన మనిషి కదా."

కడిగేద్దామని వెళ్లినదాన్ని, ఆయన ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

మార్చి 12

అక్కకి అంతా చెప్పాల్సి వచ్చింది. దాచినా దాగేలా లేను. విని, "ఏమే, అందరికీ చెప్పుకునే ఆ మొదటి ఆటేదో ఆవిడకి వేసుంటే అక్కడే తెలిసేది కదా?" అంది.

"ఆవిడ ఇక్కడికెలా వస్తుందక్కా? ఎవరైనా చూస్తే?"

"జాకెట్టు కొలతలు తీసుకోవడానికి వస్తుంది. ఆదివారాలు బయటివాళ్లకి కుడుతుందన్నావుగా. ఒక ముసలమ్మ జాకెట్టు కుట్టించుకోవడానికి ఎవడి పర్మిషన్ కావాలి?"

సాక్షిని కాపాడాలంటే రహస్య కెమెరాలు, తాళాలేసిన పెట్టెలు, మారుపేర్లతో ఫోన్లు అంటూ నేను పుస్తకంలో ఒక అధ్యాయమే రాశాను. జాకెట్టు మాత్రం నాకు తట్టలేదు. అక్కకి తడుతుంది మరి.

మార్చి 13

ఆదివారం దాకా ఆగలేదు, సెలవు పెట్టి ఇవాళే వచ్చింది టీచరమ్మ. చేతిలో కొలత టేపు. అక్క ముందు నిజంగానే కొలతలు తీయించుకుంది, మెడ వెనక ఎంత లోతుండాలో కూడా వాదించింది. నేను పక్క గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

తర్వాత ఆవిణ్ణి కూర్చోబెట్టి సినిమా వేశాను. గంట తీసేసినదే వేశాను. ముందు గంట సంగతి చెప్పాను, పెద్దాయన ఎలా కనిపెట్టాడో చెప్పాను. ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుని, "అవునా, ఆగానా? నాకు తెలీనే తెలీదు మేడమ్" అంది.

అంతా చూసింది. తన నీడ వచ్చి, తనది కాని గొంతుతో మాట్లాడి వెళ్లిపోయింది. సినిమా అయ్యాక టేపు వేలికి చుడుతూ విప్పుతూ అంది:

"మొహం లేదు. గొంతు లేదు. ఇప్పుడు ఆగిన చోటు కూడా లేదు. ఇందులో నేనెక్కడున్నాను మేడమ్? తీసేయండి."

నేను మారు మాట్లాడాను. ఒక మాట కాదు, బోలెడు. గంట తీసేశాం, ఇంకెవరూ పోల్చుకోలేరన్నాను. ఇది లేకపోతే సినిమాకి వెన్నెముక లేదన్నాను. ఆ కుర్రవాడి కోసమైనా అన్నాను. అది అనకుండా ఉండాల్సింది. ఆవిడ అన్నీ విని, "తీసేయండి" అని మళ్లీ అంది. కోపంగా కాదు. జాకెట్టు చేతులు పొట్టివా పొడుగువా అని అక్కని ఎలా అడిగిందో అలాగే అంది.

వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆయన మొన్న మా ఇళ్లన్నింటికీ కలిపి దణ్ణం పెట్టాడు మేడమ్. తలుపు తట్టి అడిగుంటే గడియ వేసుకునేదాన్ని" అంది. జాగ్రత్తగా వెళ్లమన్నాను.

మార్చి 14

తీయను. ఆవిడ ఒప్పుకునే మాట్లాడింది. భయపడ్డవాళ్ల మాట విని పనిచేస్తే నేను ఇన్ని సినిమాలు తీసేదాన్నే కాదు. క్వారీ పిల్లాడి తల్లీ భయపడింది, తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది, మంచి పని చేశావంది. ఇప్పుడూ అంతే అవుతుంది. నాకు నా పని తెలుసు.

మార్చి 14, మధ్యాహ్నం

ప్రూఫులు దిద్దుతున్నాను. "చూసి వద్దంటే తీసేస్తాను, మారు మాట్లాడను." ఆ వాక్యం దగ్గరే కూర్చున్నాను. అక్క భోజనానికి పిలిచింది, మళ్లీ పిలిచింది.

మార్చి 15

తీసేశాం. కత్తెర ఒక్క మాటా అనలేదు. వాడు అనకపోతే నాకు మరీ కాలుతుంది. "ఏదో ఒకటి అనవయ్యా" అన్నాను.

"ఏమంటాను మేడమ్? మీ పుస్తకం అమ్ముడుపోతుందిలెండి, అందులో రాసినట్టే చేస్తున్నారు కాబట్టి" అన్నాడు.

కాపీ హాలుకి వెళ్లింది. సినిమా అయిపోయింది.

మార్చి 20, గురువారం

హాలు నిండింది. నించుని కూడా చూశారు. నేను స్టేజీ ఎక్కి మాట్లాడాను, బాగా మాట్లాడాను. నాకు స్టేజీ భయం ఎప్పుడూ లేదు.

సినిమా మొదలయ్యాక మాత్రం, ఆ ముక్క ఉండాల్సిన చోటు దగ్గరపడుతుంటే కుర్చీ చేతులు పట్టుకున్నాను. అక్కడ ఇప్పుడు పెద్దాయన కొడుకు బట్టలు ఆరేసిన తాడు ఉంది. ఇంకా తీయలేదు ఆయన ఆ బట్టలు. మంచి షాటే. కానీ దానికి సాక్షి చెప్పినంత బలం ఎక్కడ? చప్పట్లు కొట్టారు. ఎంత మొహమాటానికి కొడతారో అంత కొట్టారు. ఇన్నేళ్లు చప్పట్లు విన్నదాన్ని, నాకు తెలీదా?

పత్రికమ్మాయి దగ్గరికొచ్చి మెల్లగా, "ప్రత్యక్ష సాక్షి ఉన్నారని విన్నాను మేడమ్?" అంది.

"ఎవరు చెప్పారమ్మా?" అన్నాను.

"మీరే చెప్పారు మేడమ్, పోయిన నెల సభలో."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. "నేను చాలా చెబుతుంటాను" అని వచ్చేశాను.

మార్చి 21

"బలమైన గొంతుకి బలహీనమైన సినిమా" అని రాసింది ఆ పిల్ల. పిల్లలో విషయముంది. నాకేం బాధగా లేదు.

మార్చి 22

నాకేం బాధగా లేదు. అక్క పేపరు దాచేసింది, దాచినట్టు నాకు తెలీదనుకుంటోంది.

మార్చి 24, సోమవారం

వరసగా రాయాలి.

కోర్టులోకి కెమెరాలు రానివ్వరు. కెమెరా లేకుండా ఎక్కడికైనా వెళ్లి ఎన్నేళ్లయిందో. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, వెనక బల్ల మీద కత్తెర పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాను. పెద్దాయన ముందు వరసలో, అదే ఇస్త్రీ చొక్కా. సర్కారు వకీలు లేచి జ్వరం గురించి, మందుల గురించి, పెద్దాసుపత్రిలో ఎంత శ్రద్ధగా చూశారో దాని గురించి ఏకరువు పెట్టాడు. పెద్దాయన తరఫు లాయరమ్మ లేచి, ఒక సాక్షి ఉన్నారంది.

నేను కత్తెర కేసి చూశాను. వాడు నాకేసి చూశాడు. మాకు తెలీని సాక్షి ఎవరబ్బా?

పక్క తలుపులోంచి టీచరమ్మ వచ్చింది. ముసుగు లేదు. నీడ లేదు. ఉతికిన చీర, భుజాన సంచి. పేరు చెప్పింది. చేసే ఉద్యోగం చెప్పింది. ఇల్లెక్కడో, కిటికీ ఎటు తిరిగి ఉంటుందో చెప్పింది. ఆ గొంతు నాకే కొత్తగా ఉంది, అన్నాళ్లు మార్చిన గొంతే వింటూ కూర్చున్నాను కదా.

"ఆ రోజు పొద్దున గిన్నెలు కడుక్కుంటూ కిటికీలోంచి చూశానండి. ఆ అబ్బాయిని మోసుకొచ్చారు. చెయ్యి ఒకటి కిందికి వేలాడుతుంటే ఒకాయన లోపలికి తోశాడు. బండెక్కించేముందు దుప్పటి కప్పారు."

ఆగింది.

నా చెవులు వాటంతటవే గంట కోసం వెతికాయి. అక్కడ గంటేమీ లేదు. ఫ్యాను తిరుగుతోంది, టైపు కొట్టే మనిషి చెయ్యి ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. టీచరమ్మ పెద్దాయన వైపు చూస్తోంది. ఆయన కూడా ఆవిడ వైపే చూస్తున్నాడు. తన కొడుకు పేరు పిలుస్తారేమోనని గేటు ముందు నిలబడ్డప్పుడు ఎలా ఊపిరి బిగబట్టేవాడో అలాగే ఉన్నాడు.

"మొహం మీద కూడా" అంది.

సర్కారు వకీలు చాలా అడిగాడు. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదన్నాడు. "భయపడ్డానండి" అంది. ఇప్పుడు భయం లేదా అన్నాడు. "ఇప్పుడూ ఉందండి" అంది. ఆయన కాగితాలు తిరగేసి కూర్చున్నాడు. జడ్జిగారు శవాన్ని చూసిన డాక్టర్లని, ఆ రోజు గేటు దగ్గరున్నవాళ్లని అందరినీ పిలిపించమన్నారు. సాక్షి జోలికి ఎవరూ వెళ్లకూడదని కూడా అక్కడికక్కడే రాయించారు. పెద్దాయన లేచి నిలబడ్డాడు, ఎందుకు నిలబడ్డాడో తెలీక మళ్లీ కూర్చున్నాడు. నేను భోరుమని ఏడ్చాను. కత్తెర రుమాలిచ్చాడు, అది వాడు లెన్సు తుడిచేది.

బయట మెట్ల మీద ఆవిణ్ణి పట్టుకున్నాను. "సినిమాలో వద్దన్నారు కదండీ?" అన్నాను. ఇంతకంటే తెలివైన మాట ఆ క్షణాన నా నోట్లోంచి రాలేదు.

"సినిమాలో వద్దన్నాను. చెప్పనన్నానా మేడమ్?" అంది. "లాయరమ్మని నేనే వెతుక్కుని వెళ్లాను. గంట తీసేసినా అనుమానం తీసేయగలరా? మీ సినిమాలో ఆ ముక్క ఉంటే మర్నాడే మా క్వార్టర్సులో అందరినీ వరసగా నిలబెట్టి 'మేమేమీ చూడలేదు' అని సంతకాలు పెట్టించుకునేవాళ్లు. పెట్టాక ఇంక ఈ మెట్లెక్కి ఏం లాభం? నాకున్న ధైర్యం ఒక్కసారికే వస్తుంది. దాన్ని ఆ నీడకి ఇవ్వబుద్ధి కాలేదు."

నాకు చప్పున తట్టింది. పద్నాలుగో తారీఖున నేను "తీయను" అని రాసుకున్నాను, ఇదే డైరీలో. ఒక్క రోజు. ఆ ఒక్క రోజు నేను నాలాగే ఉండిపోయుంటే ఇవాళ ఈవిడ ఇక్కడ నిలబడేది కాదు. చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

టీచరమ్మ నా భుజం వైపు, చేతుల వైపు చూసింది. "కెమెరా తేలేదా?"

"లోపలికి రానివ్వరు కదండీ."

"బయటకైనా తెచ్చుకోవాల్సింది. పొద్దున జుట్టు కూడా బాగా దువ్వుకున్నాను" అంది.

మార్చి 27

క్వార్టర్సు ఖాళీ చేయమని టీచరమ్మకి కాగితం ఇచ్చారు. సాక్షి జోలికి వెళ్లకూడదు కానీ ఇంటి జోలికి వెళ్లొచ్చట, వాళ్ల తెలివి. లాయరమ్మ దాని మీదా కోర్టుకి వెళ్తోంది, ఉద్యోగం మాత్రం ఎవరూ ముట్టుకోలేరంటోంది. అదయ్యేదాకా ఎక్కడుండాలి?

అక్క నన్ను అడగనైనా అడగలేదు. "ముందు గదిలో నీ డబ్బాలన్నీ తీసెయ్యి" అంది. నా సినిమాల డబ్బాలన్నీ, ఇన్నేళ్లవి, మంచం కిందికి చేరాయి. కుట్టు మిషను వచ్చి కూర్చుంది.

మార్చి 29

ప్రూఫులు ఇచ్చేశాను. బరువైన మౌనం పేరా కొట్టేశాను. ప్రచురణకర్త ఫోన్ చేసి, "పుస్తకం మొత్తానికి అదే బాగుందండీ, ఎందుకు తీశారు?" అని గోల. అది నాది కాదు, గంటది అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. "ఇన్నేళ్లలో ఒక్కరూ వద్దనలేదు" అన్న చోట "ఒకరన్నారు" అని దిద్దాను. ఎవరో ఎందుకో రాయలేదు. రాయాలంటే ముందు ఆవిణ్ణి అడగాలి.

ఏప్రిల్ 2, బుధవారం

సినిమా అవలేదు.

పొద్దున ముందు గదిలో కిటికీ పక్కన కుర్చీ వేశాను. వెలుతురు బాగుంది, ఇంకేమీ పెట్టలేదు. టీచరమ్మ వచ్చి కూర్చుంది. జుట్టు ఎంత నున్నగా దువ్వుకుందంటే అక్క చూసి "పెళ్లిచూపులకి కూర్చున్నట్టున్నావమ్మా" అంది. పెద్దాయన వచ్చాడు. చూడొచ్చా అని అడిగి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. అక్క కొత్త జాకెట్టు వేసుకుని ఆయన పక్కన నిలబడింది. చేతులు కాస్త బిగుతైనట్టున్నాయి, అంటే ఒప్పుకోదు.

కత్తెర చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని గదిలో శబ్దం చూసుకుంటానన్నాడు. అందరం నోళ్లు మూసుకున్నాం. దూరంగా ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. కుళాయి కారుతోంది, బాగు చేయించాలి. పక్క వీధి స్కూల్లో గంట కొట్టారు. పెద్దాయనా టీచరమ్మా ఇద్దరూ ఒక్కసారే తలలెత్తారు. ఎత్తి, ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు, అది కాదులెమ్మని.

గంట ఆగింది. కత్తెర బొటనవేలు చూపించాడు. నేను ఇంకా ఏదో సర్దుతూ లెన్సులోకి చూస్తున్నాను. పూర్తిగా ఆవిడ మొహమే. ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ ఉందని నాకు ఇవాళే తెలిసింది.

"చెప్పనా మేడమ్?" అంది టీచరమ్మ.